డ్రైనేజీలోకి ఫ్యాక్టరీ నీళ్లు: పైపు చివర పొలం ఉన్న రైతు తెలుసుకోవాల్సిన విషయాలు

హైదరాబాద్ దాటిన తర్వాత మూసీ ఎండాకాలంలో కూడా పారుతూనే ఉంటుంది. అది వాన నీరు కాదు, నగరం వాడి వదిలేసిన నీరు. పీర్జాదిగూడ, కొర్రెముల, ప్రతాపసింగారం మొదలుకొని కింది గ్రామాల వరకు కత్వల ద్వారా, మోటార్ల ద్వారా ఈ నీటితోనే వరి, పారా గడ్డి, ఆకుకూరలు పండుతున్నాయి. ఏడాది పొడవునా నీళ్లు దొరకడం ఈ రైతులకు వరం. ఆ నీటిలో ఏముందో ఎవరూ చెప్పకపోవడమే అసలు సమస్య.

నగరంలో రోజుకు మొత్తం 1,259.5 మిలియన్ లీటర్ల సామర్థ్యంతో 31 కొత్త మురుగునీటి శుద్ధి కేంద్రాలను (ఎస్టీపీలు) చేపట్టారు. కొన్ని ఇప్పటికే పనిచేస్తున్నాయి. "ఎస్టీపీలన్నీ వస్తే మన నీళ్లు బాగుపడతాయి కదా సార్" అని రైతులు అడుగుతున్నారు. వాసన, నురగ, రోగక్రిములు చాలావరకు తగ్గుతాయి. కానీ ఫ్యాక్టరీల నుంచి వచ్చే భార లోహాలు, లవణాలు, రసాయనాల సంగతి వేరు. వాటిని ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆపకపోతే ఎస్టీపీ దగ్గర ఆపడం కష్టం. దీనికి కారణం ఏమిటో, చట్టంలో రైతుకు ఉన్న హక్కులేమిటో, అంతవరకు పొలంలో ఏం చేయాలో ఈ వ్యాసంలో చూద్దాం.

ఒకే ఫ్యాక్టరీ నీటికి నాలుగు రకాల హద్దులు

పర్యావరణ పరిరక్షణ నియమాలు, 1986లోని ఆరో షెడ్యూలు ఫ్యాక్టరీ వ్యర్థజలాలకు హద్దులు పెట్టింది. ఆ నీళ్లు ఎక్కడికి వెళ్తాయన్నదాన్ని బట్టి హద్దు మారుతుంది. వాగులు, నదులు, చెరువులకు ఒకటి, ప్రజా డ్రైనేజీకి ఒకటి, సాగు భూమికి ఒకటి, సముద్ర తీరానికి ఒకటి.

వీటిలో డ్రైనేజీకి పెట్టిన హద్దులు చాలా సడలింపుగా ఉంటాయి. లీటరుకు మిల్లీగ్రాముల్లో కొన్ని చూడండి.

• సేంద్రియ కాలుష్యం (బీవోడీ): నదిలోకి 30, డ్రైనేజీలోకి 350
• తేలియాడే ఘన పదార్థాలు: నదిలోకి 100, డ్రైనేజీలోకి 600
• సీసం: నదిలోకి 0.1, డ్రైనేజీలోకి 1.0
• హెక్సావాలెంట్ క్రోమియం (తోళ్ల శుద్ధి, క్రోమ్ పూత పనుల్లో వచ్చే విషపూరిత రకం): నదిలోకి 0.1, డ్రైనేజీలోకి 2.0
• సైనైడ్: నదిలోకి 0.2, డ్రైనేజీలోకి 2.0
• జింకు: నదిలోకి 5, డ్రైనేజీలోకి 15

ఇంత సడలింపు ఇవ్వడానికి ఒక కారణం ఉంది. డ్రైనేజీ చివర శుద్ధి కేంద్రం ఉంటుంది, మిగతా పని అది చూసుకుంటుంది అని చట్టం అనుకుంది. చిన్న పరిశ్రమలు సొంతంగా పెద్ద శుద్ధి యంత్రాలు పెట్టుకోలేవు కాబట్టి ఈ వెసులుబాటు అవసరమే. మన పిల్లలు కూడా ఆ పరిశ్రమల్లోనే పనిచేస్తున్నారు. వాటిని మూసేయమని ఎవరూ కోరడం లేదు.

అయితే అదే షెడ్యూలులో డ్రైనేజీ హద్దుల కింద ఒక షరతు ఉంది. ఆ డ్రైనేజీ జీవ ప్రక్రియతో కూడిన రెండో దశ శుద్ధికి చేరితేనే ఈ సడలింపు వర్తిస్తుంది. అలా చేరకపోతే, ఆ ఫ్యాక్టరీ నీళ్లు నేరుగా నదిలోకి వదిలినట్టే లెక్క, నదికి పెట్టిన హద్దులే వర్తిస్తాయి. అంటే పైపు చివర ఎస్టీపీ లేకుండా నాలా, చెరువు, పొలం ఉంటే 350 అన్న అంకె చెల్లదు, 30 చెల్లుతుంది. రైతుల తరఫున మాట్లాడేవాళ్లు ముందుగా పట్టుకోవాల్సింది ఈ షరతునే.

పైపుకు, పొలానికి మధ్య కొలిచేవారు లేరు

ఇప్పుడు పైపు వెంట నడుద్దాం. మొదట ఫ్యాక్టరీ గేటు. అక్కడ లోహాలకు హద్దు ఉంది, కానీ అది డ్రైనేజీ హద్దు, సడలించినది.

తర్వాత ఎస్టీపీ. ఇక్కడ ఉండేది గాలి, సూక్ష్మజీవుల పని. ఇళ్ల నుంచి వచ్చే మలం, సబ్బు, అన్నం గంజి లాంటి కుళ్లే పదార్థాలను సూక్ష్మజీవులు తింటాయి. కాడ్మియాన్ని, సీసాన్ని ఏ సూక్ష్మజీవీ తిని మాయం చేయలేదు. లోహంలో కొంత భాగం కింద బురదలోకి దిగుతుంది, మిగతాది నీటితో బయటికి వస్తుంది. కరిగిన ఉప్పు అయితే దాదాపు వచ్చినంతా వచ్చినట్టే వెళ్లిపోతుంది. పైగా విష రసాయనం మోతాదు మించి వస్తే ఎస్టీపీలోని సూక్ష్మజీవులే చచ్చిపోయి, ఇళ్ల మురుగు కూడా శుద్ధి కాకుండా పోతుంది.

ఎస్టీపీ నుంచి బయటికి వచ్చే నీటికి కేంద్రం 2017లో ప్రమాణాలు ఇచ్చింది. అందులో ఉన్నవి నాలుగే: ఉదజని సూచిక (పీహెచ్), బీవోడీ, తేలియాడే ఘన పదార్థాలు, మలసంబంధ కోలిఫాం బ్యాక్టీరియా. లోహాల ఊసు లేదు. ఇళ్ల మురుగుకు ఈ నాలుగూ సరిపోతాయి. ఫ్యాక్టరీ నీరు కలిసిన మురుగుకు సరిపోవు.

చివరికి పొలం. ఆరో షెడ్యూలులో సాగు భూమి వరుస తీసి చూస్తే ఆర్సెనిక్, సైనైడ్ లాంటి కొన్నింటికి అంకెలు ఉన్నాయి. పాదరసం, సీసం, కాడ్మియం, క్రోమియం, రాగి, జింకు, నికెల్ గడులు ఖాళీగా ఉన్నాయి.

గేటు దగ్గర హద్దు సడలింది, ఎస్టీపీ దగ్గర లోహాల లెక్క లేదు, పొలం దగ్గర గడి ఖాళీ. ఎవరి పరిధిలో వాళ్లు నిబంధన పాటించినా లోహం పొలానికి చేరే దారి తెరిచే ఉంది. రైతు నష్టం ఎవరి రికార్డులోనూ ఉల్లంఘనగా కనిపించకపోవడానికి కారణం ఇదే.

పంటకు ఎంత వరకు తట్టుకునే శక్తి ఉంది?

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏవో) ఏళ్ల తరబడి పొలానికి పెట్టే నీటిలో ఏ లోహం ఎంత మించకూడదో సూచించింది. దాన్ని మన డ్రైనేజీ హద్దుతో పోల్చండి. అంకెలు లీటరుకు మిల్లీగ్రాముల్లో.

• కాడ్మియం: డ్రైనేజీ హద్దు 1.0, ఎఫ్‌ఏవో సూచన 0.01. తేడా 100 రెట్లు
• క్రోమియం (మొత్తం): 2.0, సూచన 0.10. తేడా 20 రెట్లు
• నికెల్: 3.0, సూచన 0.20. తేడా 15 రెట్లు
• రాగి: 3.0, సూచన 0.20. తేడా 15 రెట్లు
• జింకు: 15, సూచన 2.0. తేడా ఏడున్నర రెట్లు

సీసం విషయంలో మాత్రం డ్రైనేజీ హద్దే (1.0) ఎఫ్‌ఏవో సూచన (5.0) కంటే గట్టిగా ఉంది.

ఈ అంకెలు చూసి బెంబేలెత్తవద్దు. ఇవి ఫ్యాక్టరీ వదలడానికి ఉన్న గరిష్ఠ హద్దులు. మీ కాలువలో అంత ఉందని దీని అర్థం కాదు. ఇళ్ల నుంచి వచ్చే నీరు కలిసి పలచబడుతుంది. కానీ పలచబడటం వేరు, పోవడం వేరు. లోహం మట్టిలో పేరుకుంటుంది. ఒక లెక్క చూడండి.

ఒక ఎకరం వరికి పంట కాలంలో 1,200 మిల్లీమీటర్ల నీరు పెడితే సుమారు 48 లక్షల లీటర్లు. ఆ నీటిలో కాడ్మియం ఎఫ్‌ఏవో చెప్పిన 0.01 మి.గ్రా. మాత్రమే ఉన్నా పంటకు 48 గ్రాములు పొలంలో దిగుతుంది. ఎకరం పైమట్టి, 15 సెంటీమీటర్ల లోతున, సుమారు 9 లక్షల కిలోలు. అంటే కిలో మట్టికి పంటకు 0.05 మి.గ్రా. పైగా చేరుతుంది. ఏడాదికి రెండు పంటలు, 30 ఏళ్లు అనుకుంటే, చేరినదంతా పైమట్టిలోనే నిలిస్తే 3 మి.గ్రా. దాటుతుంది. ఐరోపా దేశాల్లో మురుగు బురద వాడే పొలాల మట్టిలో కాడ్మియం కిలోకు 1 నుంచి 3 మి.గ్రా. మించకూడదన్నది నిబంధన. నీటిలో పది రెట్లు, అంటే 0.1 మి.గ్రా. ఉంటే 30 ఏళ్లు అక్కర్లేదు, మూడేళ్లు చాలు. ఒకసారి మట్టిలో చేరిన కాడ్మియాన్ని తీసేయడానికి రైతు భరించగలిగే ఉపాయం ఏదీ లేదు.

పటాన్‌చెరు అనుభవం

ఈ వ్యవహారాన్ని అర్థం చేసుకోవడానికి పటాన్‌చెరు కంటే మంచి ఉదాహరణ లేదు. పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామిక వాడల వ్యర్థాలు ఇసుకవాగు, నక్కవాగుల మీదుగా మంజీర వైపు పారి, ఆ వాగుల పక్క పొలాలు, బావులు పాడయ్యాయి. 1990లో సుప్రీంకోర్టుకు చేరిన కేసు తర్వాత హైకోర్టుకు, అక్కడి నుంచి చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు మారింది. తీర్పు 2017లో వచ్చింది. మధ్యలో కోర్టు ఆదేశాలతో రైతులకు కొంత నష్టపరిహారం అందింది. కానీ కేసు మొదలైనప్పుడు పుట్టిన పిల్లలు తీర్పు నాటికి సొంతంగా సేద్యం చేసే వయసుకు వచ్చారు.

అక్కడ ఫ్యాక్టరీలన్నీ కలిసి ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం పెట్టుకున్నాయి. దాని నుంచి శుద్ధి చేసి వదిలిన నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మి.గ్రా. వరకు ఉన్నట్టు తేలింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే ఇది ఎక్కువ. శుద్ధి కేంద్రం ఉన్నంత మాత్రాన అన్నీ పోవని ఆ ఫలితం చెప్పింది.

ఆ తర్వాత అక్కడి శుద్ధి చేసిన నీటిని 18 కిలోమీటర్ల పైపులైనుతో నగర డ్రైనేజీలో కలిపి, అంబర్‌పేట ఎస్టీపీకి మళ్లించారు. పటాన్‌చెరు వాగులకు అది ఊరట. కానీ దారి గమనించండి. ఇసుకవాగు నీళ్లు మంజీర ద్వారా గోదావరికి పోయేవి. డ్రైనేజీలో కలిశాక అంబర్‌పేట నుంచి మూసీకి, మూసీ ద్వారా కృష్ణకు పోతున్నాయి. ఒక పరీవాహకంలోని రైతు బరువు ఇంకో పరీవాహకంలోని రైతు మీదికి మారింది. ఈ మార్పు గురించి మూసీ ఆయకట్టు రైతును అడిగినవారు ఎవరు?

డ్రైనేజీలో కలపడం వల్ల ఇంకో చిక్కు కూడా ఉంది. విడిగా పారినప్పుడు వాగు రంగు మారితే ఏ వాడ నుంచి వచ్చిందో ఊరివాళ్లకు తెలిసేది. లక్షల ఇళ్ల మురుగుతో కలిసిన తర్వాత ఎవరి నీళ్లు ఏవో తేల్చడం కష్టం. పైపుతో అనుమతి ఉన్న నీరు ఒక ఎత్తు అయితే, రాత్రిపూట, వానపడే సమయంలో ట్యాంకర్లతో మ్యాన్‌హోళ్లలో, నాలాల్లో దొంగతనంగా పారబోసేది ఇంకో ఎత్తు. దానికి ఏ హద్దూ లేదు.

చట్టం ఏం చెబుతోంది? ఇటీవల ఏం మారింది?

జల కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం, 1974 ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) అనుమతి లేకుండా ఏ పరిశ్రమా వాగులోకే కాదు, డ్రైనేజీలోకి గానీ భూమి మీదికి గానీ వ్యర్థజలాలు వదలకూడదు. ఉల్లంఘిస్తే ఫ్యాక్టరీ మూసేయమని, కరెంటు ఆపేయమని ఆదేశించే అధికారం మండలికి ఉంది.

సుప్రీంకోర్టు 2017 ఫిబ్రవరిలో పర్యావరణ సురక్షా సమితి కేసులో, పనిచేసే శుద్ధి యంత్రం లేని పరిశ్రమను నడవనివ్వకూడదని స్పష్టంగా చెప్పింది. ఎక్కువ కాలుష్యం కలిగించే 17 రకాల పరిశ్రమలు వదిలే నీటిని నిరంతరం కొలిచే ఆన్‌లైన్ మీటర్లు పెట్టాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లోనే ఆదేశించింది.

2024లో జల చట్టానికి సవరణ వచ్చింది. వ్యర్థాలు వదిలే ఉల్లంఘనలకు ఇదివరకు ఏడాదిన్నర నుంచి ఆరేళ్ల వరకు జైలు శిక్ష ఉండేది. సవరణలో దాన్ని తీసేసి 10 వేల నుంచి 15 లక్షల రూపాయల వరకు జరిమానా పెట్టారు. ఇది ముందుగా హిమాచల్ ప్రదేశ్, రాజస్థాన్, కేంద్రపాలిత ప్రాంతాలకు వర్తించింది. మిగతా రాష్ట్రాలు శాసనసభ తీర్మానంతో స్వీకరిస్తే వర్తిస్తుంది.

ఈ మార్పును రెండు రకాలుగా చూడవచ్చు. జైలు కేసులు కోర్టుల్లో ఏళ్ల తరబడి నలిగేవి, శిక్ష పడేది అరుదు. జరిమానా త్వరగా పడితే మేలే. కానీ పెద్ద ఫ్యాక్టరీకి వ్యర్థాలు శుద్ధి చేసే ఖర్చు 15 లక్షల కంటే ఎక్కువైతే, జరిమానా కట్టేయడమే లాభం అనిపించవచ్చు. కాబట్టి జరిమానా ఎంత అన్నదాని కంటే, ఎన్నిసార్లు తనిఖీ చేస్తున్నారు, నమూనా ఎక్కడ తీస్తున్నారు అన్నదే రైతుకు ముఖ్యం.

రైతు చేతిలో ఉన్న హక్కులు

చాలామందికి తెలియని కొన్ని విషయాలు:

1. రిజిస్టర్ చూసే హక్కు: ఏ పరిశ్రమకు ఏ షరతులతో అనుమతి ఇచ్చారో పీసీబీ రిజిస్టర్ నిర్వహించాలి. జల చట్టం 25వ సెక్షన్ ప్రకారం ఆ నీటి వల్ల ప్రభావితమయ్యే ఎవరైనా దాన్ని చూడవచ్చు. మీ కాలువకు పైన ఉన్న పరిశ్రమల షరతులు చూసి రాసుకోండి. ప్రతులు కావాలంటే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు చేయండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

2. నమూనా సంగతి: మీరు సీసాలో పట్టిన నీటి పరీక్ష ఫలితం మీ సాగుకు పనికొస్తుంది. కానీ ఫ్యాక్టరీ మీద కేసుకు పనికిరావాలంటే జల చట్టం 21వ సెక్షన్ ప్రకారం పీసీబీ అధికారులే నోటీసు ఇచ్చి, పద్ధతి ప్రకారం నమూనా తీయాలి. అందుకే రంగు నీళ్లు, ఘాటు వాసన కనిపించిన వెంటనే, నీళ్లు పారుతుండగానే పీసీబీ ప్రాంతీయ కార్యాలయానికి ఫోన్ చేయండి. మర్నాడు చెబితే చూపించడానికి ఏమీ మిగలదు.

3. రైతే కేసు వేయవచ్చు: పీసీబీ కదలకపోతే, కనీసం 60 రోజుల ముందు నోటీసు ఇచ్చి ఎవరైనా కోర్టులో ఫిర్యాదు చేయవచ్చని 49వ సెక్షన్ చెబుతోంది. అప్పుడు తన దగ్గరున్న నివేదికలను అడిగిన వ్యక్తికి మండలి ఇవ్వాలి. ప్రజా ప్రయోజనానికి విరుద్ధం అనుకున్నవి మాత్రమే నిరాకరించవచ్చు.

4. నష్టపరిహారం: పంట, పశువులు, భూమి నష్టపోతే జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో పరిహారానికి ఐదేళ్ల లోపు దరఖాస్తు చేయాలి. పరిహారం కాకుండా కాలుష్యం ఆపమని కోరే దరఖాస్తులకు గడువు ఆరు నెలలే. మన ప్రాంతానికి ట్రిబ్యునల్ బెంచి చెన్నైలో ఉంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ రైతులకు, ఆదాయ పరిమితి లోపు ఉన్నవారికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది.

రుజువులు ముందునుంచే పోగు చేసుకోవాలి. ఒక నోటు పుస్తకంలో తేదీ, సమయం, నీటి రంగు, వాసన, నురగ రాయండి. తేదీ కనిపించేలా ఫోటోలు తీయండి. దిగుబడి, అమ్మిన చీటీలు, పశువైద్యుడు రాసిన కాగితాలు దాచండి. ట్యాంకర్ కనిపిస్తే నంబరు దూరం నుంచి రాసుకోండి, ఎదురు వెళ్లి గొడవ పడవద్దు. ఎట్టి పరిస్థితుల్లోనూ మ్యాన్‌హోల్‌లోకి వంగి చూడవద్దు, దిగవద్దు. అందులోని విషవాయువు నిమిషాల్లో ప్రాణం తీస్తుంది.

అంతవరకు పొలంలో ఏం చేయాలి?

నీటి పరీక్ష
• ఏడాదికి కనీసం రెండుసార్లు చేయించండి: నీరు తగ్గి చిక్కబడే ఏప్రిల్-మే నెలల్లో ఒకసారి, వానాకాలం తర్వాత ఒకసారి. పక్కనున్న బోరు నీటిని కూడా పరీక్షించండి. అది బాగుందని ముందే అనుకోవద్దు.
• శుభ్రమైన ఒక లీటరు ప్లాస్టిక్ సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి నింపండి. బోరు అయితే మోటారు 10-15 నిమిషాలు నడిచాక పట్టండి. పేరు, ఊరు, తేదీ రాసి అదే రోజు ప్రయోగశాలకు చేర్చండి.
• మామూలు భూసార పరీక్షా కేంద్రంలో పీహెచ్, లవణ పరిమాణం (ఈసీ) తెలుస్తాయి. లోహాలకు ప్రత్యేక యంత్రం కావాలి. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో విచారించండి. లోహాల పరీక్షకు నమూనా తీసే ముందు సీసా, ఆమ్లం గురించి ప్రయోగశాలనే అడగండి.
• సాగు నీటికి పీహెచ్ 6.0 నుంచి 8.5 మధ్య ఉండాలి. ఈసీ 2.25 డెసీసీమెన్స్ (2,250 మైక్రోమోలు) దాటితే, బోరాన్ లీటరుకు 2 మి.గ్రా. మించితే ఆ నీరు సాగుకు తగదు.

నీరు పెట్టడం
• తొలకరి వానలకు వచ్చే మొదటి వరద నీటిని పొలంలోకి రానివ్వవద్దు. ఎండాకాలమంతా నాలాల్లో పేరుకున్నదీ, వాన చాటున పారబోసినదీ అప్పుడే కొట్టుకొస్తుంది. రెండు మూడు రోజులు తూము మూసి ఉంచండి.
• రంగు, నూనె తెట్టు, ఘాటు వాసన ఉన్న రోజు మోటారు వేయవద్దు.
• బోరు నీరు మంచిదని పరీక్షలో తేలితే రెండూ కలిపి లేదా ఒక తడి అది, ఒక తడి ఇది పెట్టండి. నారుమడికి, మొలక దశకు మంచి నీరే వాడండి.

ఎరువులు
• మురుగునీటిలో నత్రజని ఉంటుంది. లీటరుకు 20 మి.గ్రా. ఉన్నా పైన చెప్పిన 48 లక్షల లీటర్లతో ఎకరాకు 90 కిలోలకు పైగా వస్తుంది. అంతా పైరుకు అందకపోయినా, వరికి మనం సిఫారసు చేసే 40-50 కిలోలతో పోల్చి చూడండి. దాని మీద మళ్లీ బస్తాల కొద్దీ యూరియా వేస్తే పైరు ఏపుగా పెరిగి పడిపోతుంది, తాలు ఎక్కువవుతుంది, అగ్గితెగులు, దోమపోటు వస్తాయి. ఆకు రంగు పట్టిక చూసి, అవసరమైతేనే పైపాటుగా యూరియా వేయండి.
• నేల చౌడుబారుతుంటే పరీక్ష ఫలితాన్ని బట్టి జిప్సం వేయండి, జీలుగ పెంచి కలియదున్నండి. నేలలో సేంద్రియ పదార్థం ఎక్కువగా ఉంటే లోహాలు మొక్కకు అందడం కొంత తగ్గుతుంది.

పంటల ఎంపిక
• పాలకూర, తోటకూర, కొత్తిమీర లాంటి ఆకుకూరలు, ముల్లంగి లాంటి దుంపలు లోహాలను ఎక్కువగా తీసుకుంటాయి. కడిగితే పైనున్న మట్టి, క్రిములు పోతాయి తప్ప ఆకు లోపల చేరిన లోహం పోదు. ఫ్యాక్టరీ నీరు కలుస్తోందని తెలిసిన కాలువ కింద వీటిని వేయకపోవడం మంచిది.
• కాయ కూరల్లో ఈ సమస్య తక్కువ. బంతి, చామంతి లాంటి పూలు ఇంకా మేలు, నగర మార్కెట్ దగ్గరే ఉంది.
• పారా గడ్డిని పశువులకు ఒక్కటే మేపవద్దు. ఎండు గడ్డి, బయటి పచ్చి మేత కలపండి. గడ్డిలో చేరినది పాలలోకి కూడా రావచ్చు.
• కోతకు రెండు వారాల ముందు మురుగునీరు ఆపితే పంట మీది రోగక్రిములు చాలావరకు తగ్గుతాయి.

ఎస్టీపీ బురద ఎరువు
• కొత్త ఎస్టీపీలు వస్తున్న కొద్దీ బురద కూడా ఎక్కువగా వస్తుంది. చౌకగా ఇస్తామని తెచ్చి దింపేవారు ఉంటారు. నీటి నుంచి దిగిన లోహాలు ఉండేది అందులోనే. పరీక్ష నివేదిక అడగండి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం నగర కంపోస్టులో కిలోకు కాడ్మియం 5, సీసం 100, నికెల్ 50, క్రోమియం 50 మి.గ్రా. మించకూడదు. నివేదిక చూపించనివారి లోడు దించుకోవద్దు.

మనిషి ఆరోగ్యం
• ఈ నీటిలో దిగేవారు, ముఖ్యంగా నాట్లు వేసే, గడ్డి కోసే అక్కచెల్లెళ్లు బూట్లు, చేతి తొడుగులు వాడాలి. పని అయ్యాక సబ్బుతో కడుక్కోవాలి. నులిపురుగుల మందు ఎప్పుడు వేసుకోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి.

ఏం కోరాలి?

పైవన్నీ నష్టం తగ్గించుకునే పనులే. కాలుష్యం ఆపే పని రైతు చేయగలిగేది కాదు. మోటారు ఆపడం, పంట మార్చడం, పరీక్ష రుసుము కట్టడం, ఇవన్నీ ఇంకొకరు చేసిన పనికి రైతు భరిస్తున్న ఖర్చులు. అందుకని గ్రామసభలో, రైతు వేదికలో తీర్మానం చేసి అడగాల్సినవి ఇవి:

• ఫ్యాక్టరీ నీటిని ఇళ్ల మురుగుతో కలవక ముందే, గేటు దగ్గరే కొలవాలి. కలిపాక కొలిస్తే పలచదనమే కనిపిస్తుంది.
• పారిశ్రామిక వాడల నీరు వచ్చే ప్రతి ఎస్టీపీ బయటి నీటిలో, దాని కింది మొదటి కత్వ దగ్గర ఏడాదికి కనీసం నాలుగుసార్లు లోహాలు, లవణాలు పరీక్షించి ఫలితాలను పంచాయతీ బోర్డు మీద పెట్టాలి.
• మీ కాలువకు పైన ఉన్న డ్రైనేజీ ఏ ఎస్టీపీకి చేరుతుందో, అసలు చేరుతుందో లేదో జలమండలి, పీసీబీ రాతపూర్వకంగా చెప్పాలి. చేరకపోతే నది హద్దులే అమలు చేయాలి.
• రసాయన వ్యర్థాలు మోసే ట్యాంకర్ ఎక్కడ నింపుకుందో, ఎక్కడ ఖాళీ చేసిందో లెక్క సరిపోవాలి.
• మట్టి, నీటి పరీక్షల ఖర్చు రైతు మీద కాకుండా, కాలుష్యం చేసినవారి నుంచి వసూలు చేసిన పరిహారం నుంచి పెట్టాలి.

ఆంధ్రప్రదేశ్ రైతులకు కూడా ఇవే కేంద్ర చట్టాలు, ఇవే హద్దులు వర్తిస్తాయి. పట్టణ డ్రైనేజీ కలిసే ఏ కాలువ కింద సాగు చేస్తున్నా పై పరీక్షలు, జాగ్రత్తలు అవే. పీసీబీ కార్యాలయం మాత్రం మీ జిల్లాది చూసుకోండి.

ఒక్కరు వెళ్లి అడిగితే దరఖాస్తుగా మిగిలిపోతుంది. ఒకే కత్వ కింది రైతులు పది మంది కలిసి నీటి పరీక్ష చేయిస్తే ఖర్చు పంచుకున్నట్టు అవుతుంది, మాటకు బలం వస్తుంది. పరీక్ష ఫలితం చేతికి వచ్చాక మీ ఏఈవోకు చూపించండి. ఏ పంట వేయాలి, ఏది మానాలి అన్నది ఆ అంకెలు చూసి నిర్ణయించుకోవచ్చు. వచ్చే ఎండాకాలం నీరు చిక్కబడే లోపే మొదటి నమూనా తీయండి.